ముట్టుకుంటే అంటేది

స్ఫటికాల మాస్టారిని లిఫ్టులో చంపారు.

పట్టపగలు, జనం పనుల్లోకి వెళ్లే వేళ. లిఫ్టు కిందికి దిగి తలుపు తెరుచుకునేసరికి ఆయన మూలకి ఆనుకుని నిలబడే ఉన్నాడు. ఎదురుగా ఉన్నావిడ మర్యాదగా పక్కకి జరిగి దారి కూడా ఇచ్చింది. ఆయన కదల్లేదు. మెడ మీద కందిరీగ కుట్టినంత ఎర్రటి చుక్క. పర్సు జేబులోనే ఉంది. ఫోనూ, ఆయన పనిచేసే మందుల ఫ్యాక్టరీ ల్యాబ్ తాళాలూ ఉన్నాయి. పోయింది ఒక్కటే: బొటనవేలంత గాజు సీసా, అందులో చిటికెడు తెల్లటి పొడి.

మనుషుల్ని బతికించే పొడి అది. దాని కోసం మనిషిని చంపారు. లోకం తీరే అంత, ఇందులో నోరెళ్లబెట్టాల్సిందేమీ లేదు.

డిపార్ట్‌మెంట్ నుంచి మేస్త్రీకి పిలుపొచ్చింది. మేస్త్రీ అన్నది కోడ్ పేరు. అతను జన్మలో ఇటుక మీద ఇటుక పెట్టలేదు, కానీ ఏ గోడ ఎక్కడ బలహీనంగా ఉందో చూపు వేసి చెప్పగలడు. రమ్మన్న చోటు ఒక పళ్ల డాక్టరు వెయిటింగ్ రూమ్. కిటికీ పక్కన పాత పత్రిక తిరగేస్తున్న పెద్దాయన తలెత్తకుండానే అడిగాడు.

“ఏ పన్ను?”

“జ్ఞానదంతం. ఇంకా మొలవలేదు.”

“ఇక మొలవదులే. కూర్చో.”

ఆయన్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ తాతయ్య అంటారు. మనవలు లేరు సరికదా, పెళ్లే కాలేదు. మనుషుల్ని చావు నోట్లోకి పంపడం, తిరిగొచ్చినవాళ్లని భోంచేశావా అని అడగడం, ఇదీ ఆయన ఉద్యోగం.

బ్రీఫింగ్ క్లుప్తంగా సాగింది. పని చేసింది గాజు కంపెనీ. పైకి ల్యాబులకి గాజు సామాను అమ్మే విదేశీ సంస్థ, లోపల అద్దె గూఢచారుల ముఠా. ఈసారి వాళ్లకి పని పురమాయించింది పాత హెచ్‌ఐవీ మందుల మీద మేడలు కట్టుకున్న పెద్దమనుషులు. ఆ పాత మందులకి వైరస్ రాటుదేలిపోతోంది. రాటుదేలిన వైరస్‌ని కూడా పడగొట్టే కొత్త మందు మన ఫ్యాక్టరీలో తయారైంది. దాన్ని ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఊరికే ఇస్తామని ప్రకటించారు. ఊరికే అన్న మాట చెవిన పడ్డ దగ్గర్నుంచి ఆ మేడల్లో వాళ్లకి కంటి మీద కునుకు లేదు.

“కాపీ కొట్టి మనకంటే ముందే పేటెంట్ వేసేస్తారని పైవాళ్ల భయం,” అన్నాడు తాతయ్య. “సీసా వెనక్కి రావాలి. నిన్నే ఎందుకు పంపుతున్నానో చెప్పక్కర్లేదనుకుంటా.”

చెప్పక్కర్లేదు. మేస్త్రీ అన్నయ్య ఆ జబ్బుతోనే పోయాడు. మందులు ఉన్న రోజుల్లోనే, మందులు అందక పోయాడు. జబ్బు మనిషిని చంపడానికి ఏళ్లు తీసుకుంటుంది, సాటి మనుషులు అంత ఓపిక పట్టరు. ఇంటివాళ్లు వెనక వసారాలోకి మార్చారు. కంచం వేరు, గ్లాసు వేరు, బకెట్ వేరు. మంగలి రానన్నాడు. చదువుకున్న డాక్టరు రెండు జతల గ్లవుజులు తొడుక్కుని నాడి చూశాడు. ముట్టుకుంటే అంటదు అని మేస్త్రీ వీధిలో నిలబడి గొంతు చించుకున్నాడు. ఒక్కడూ వినలేదు. చివరికి అన్నయ్య కూడా నమ్మేశాడు. తమ్ముడు దగ్గరికి వస్తే గోడ వైపు తిరిగి “ముట్టుకోకురా” అనేవాడు.

ఆ గొంతు పోలేదు. కొత్త గదిలో తలుపు గడియ మీద చెయ్యి వేసినప్పుడల్లా మేస్త్రీకి వెనక నుంచి వినపడుతూనే ఉంటుంది. ఈ సంగతి అతను తాతయ్యకి చెప్పలేదు. గొంతులు వినపడే ఏజెంట్‌ని ఫైళ్ల గదిలో కూర్చోబెడతారు.

ప్రయాణానికి ముందు ఫ్యాక్టరీకి వెళ్లి చీఫ్ కెమిస్ట్‌ని కలిశాడు. మాటకి మాట మధ్య ఊపిరి తీసుకోని మనిషి ఆవిడ. మందు గురించి అడిగితే గాజు గోడ మీద మార్కర్‌తో గీయడం మొదలుపెట్టింది. వైరస్ దగ్గర ఒక కత్తెర ఉంటుందట. పొడుగాటి ప్రొటీన్ గొలుసుని ముక్కలుగా కత్తిరించుకుంటేనే దాని పిల్లలు బతుకుతాయి. కత్తెర నోట్లో సరిగ్గా ఇరుక్కునే అణువుని తయారుచేయడమే వీళ్ల పని. పాత మందులూ ఇరుక్కునేవి, కానీ కత్తెర తన నోటి ఆకారాన్ని కొంచెం మార్చుకుంది, మందులు జారిపోయాయి. కొత్త అణువు కోసం ఏళ్ల తరబడి తలలు బాదుకున్నారు. ఒకటి వైరస్‌ని చంపింది, లివర్‌నీ చంపింది. ఇంకోటి గాజు పాత్రలో పులి, కడుపులోకి వెళ్తే పిల్లి. ఇంకోటి నెత్తురులో కరగనే కరగలేదు. ఒక కొస దగ్గర ఒక్క చిన్న పరమాణువుల గుంపు తీసేసి ఇంకోటి తగిలించాక ఇది పుట్టింది. ల్యాబ్‌లో అందరూ దాన్ని పిల్ల అంటారు.

“మాస్టారు ఏం చూసేవారు మేడమ్?”

“పిల్ల మొహం చూసేవాడు. సూక్ష్మదర్శినిలో. మా స్ఫటికాలు పల్చటి పలకల్లా ఉంటాయి. పలకలుగా ఉంటేనే కడుపులో కరుగుతుంది.” ఆవిడ మార్కర్ మూత పెట్టి, మళ్లీ తీసింది. “చనిపోయే ముందు ఒక పిచ్చి మాట చెప్పాడు. పిల్లకి ఇంకో మొహం ఉండొచ్చట, ఇంకా నిద్ర లేవలేదట. అదే అణువు, వేరేలా పేర్చుకుంటుంది, రాయిలా గట్టిపడుతుంది, మింగినా సున్నం మింగినట్టే. అలాంటిది ఒక్క రవ్వ మందుని చల్లార్చే హాల్లోకి వస్తే చాలు, చల్లారే ప్రతి బ్యాచ్ దాన్ని చూసి దానిలాగే గడ్డకడుతుందట. ఎంత కడిగినా ఆ గదిలో పాత మొహం మళ్లీ రాదట. మా వృత్తిలో ఇవి దయ్యం కథలు. నేను నవ్వేశాను.”

నవ్వినందుకు ఇప్పుడు బాధపడుతోందని ఆవిడ చెప్పలేదు. గాజు మీద గీసిన కత్తెరని మోచేత్తో తుడిచేసింది.

“సీసా దొరికితే సరాసరి నా బల్ల మీదకి తీసుకురండి. మన దగ్గరున్నదీ ఆ సీసాలోదీ పక్కపక్కన పెట్టి చూస్తే, వాళ్లు అందులో వేలు పెట్టారో లేదో తేలిపోతుంది. కెమిస్ట్ అన్నవాడు ఎవడైనా ముందు చేసే పని అదే.”

వెళ్తూ వెళ్తూ వదిన ఇంటికి వెళ్లాడు. అన్నయ్య పోయాక ఆవిడ ఒంట్లోనూ అదే వైరస్ తేలింది. పాత మందులతో చాన్నాళ్లు నెట్టుకొచ్చింది. పోయినేడు అవి పనిచేయడం మానేశాయి. మంచం పట్టింది, ఎముకలు లెక్కపెట్టేలా అయింది. ట్రయల్‌లో చేరి పిల్లని మింగడం మొదలుపెట్టాక లేచి కూర్చుంది. ఇప్పుడు కుట్టుమిషన్ తొక్కుతోంది. ట్రయల్ కోసం చేసిన మాత్రలు అడుగంటాయి. వచ్చే బ్యాచ్ దిగితేనే ఆవిడకీ, ఆవిడలాంటి వాళ్లకీ మాత్ర ఉంటుంది. లేకపోతే మళ్లీ మంచమే.

“ఎక్కడికి పోతున్నావు?” అంది దారం కొరుకుతూ.

“విదేశానికి. పంపు రిపేరుకి వదినా.”

“ఇంట్లో కుళాయి బాగుచేయడం చేతకాదు, దేశం కాని దేశంలో పంపులు బాగుచేస్తాడట. వెళ్లు, వెళ్లిరా.”

*

గాజు కంపెనీ ఉన్న నగరంలో మధ్యాహ్నమే మంచు దిగుతుంది. దీపస్తంభాల కింద మనుషులు ఒకరినొకరు గుద్దుకుని క్షమాపణలు చెప్పుకుంటూ నడుస్తుంటారు. మేస్త్రీ ఒక చెప్పుల షాపులోకి దూరాడు. నెరిసిన గడ్డం, నూనె మరకల కోటు, వీపున పనిముట్ల సంచి. వాక్యూమ్ పంపుల మెకానిక్ వేషం.

“ఎడమ కాలిది ఒక్కటే కావాలి,” అన్నాడు.

“కుడిది ఎవరు తొడుక్కుంటారు?” అంది అలమారా వెనక నుంచి ఒక ఆడగొంతు.

“నా వెనకాల వస్తున్నవాడు.”

ఆమె ఇవతలికి రాకముందే వాసన వచ్చింది. పట్టు గౌను, పొడుగాటి మెడ, ఎవర్నీ లక్ష్యపెట్టని నడక. అత్తరు అని పిలుస్తారు. గాజు కంపెనీ జీతం తింటూ మన డిపార్ట్‌మెంట్‌కి పనిచేసే డబుల్ ఏజెంట్. గూఢచారికి ఇంత సెంటు ఎందుకని అతను అడిగితే, వాసన గుర్తుపెట్టుకున్నవాడు మొహం మరిచిపోతాడంది.

ఆమె ఇచ్చిన పాస్‌తో గోడౌన్ వెనక ల్యాబ్‌లోకి చేరడం అత్తవారింటికి వెళ్లినంత సులువైంది. లోపల ఏదో తేడాగా ఉంది. మందు కాపీ కొట్టేవాళ్ల గదిలో మరిగే ఫ్లాస్కులు ఉండాలి, ద్రావకాల కంపు ఉండాలి. ఇక్కడ ఒక్క ఫ్లాస్కూ మరగడం లేదు. కల్వాలు ఉన్నాయి. కల్వాల్లో ఏదో తెల్లటిది నూరుతున్నారు. మూలమూలనా ఫ్యాన్లు తిరుగుతున్నాయి. బల్లల మీద, కుర్చీల మీద, మనుషుల కనుబొమ్మల మీద తెల్లటి దుమ్ము. ఎవరి మూతికీ మాస్క్ లేదు. పొయ్యే లేని వంటింట్లోకి వచ్చినట్టనిపించింది మేస్త్రీకి. ఎందుకలా అనిపించిందో తేల్చుకునే తీరిక లేదు.

సీసా తాళం లేని అరలో ఉంది, మాస్టారి చేతిరాత లేబుల్‌తో. జేబులో వేసుకున్నాడు. పంపు విప్పి మళ్లీ బిగించాడు. పోయేటప్పుడు సూపర్‌వైజరు వచ్చి, చాలా బాగా చేశావన్నట్టు రెండు చేతులతోనూ వీపు తట్టాడు. బయట మంచులో అత్తరు అతన్ని గట్టిగా కావలించుకుంది.

“ఎక్కడా ఆగకు,” అంది. “సరాసరి ఫ్యాక్టరీకి పో.”

అతను ఎక్కడా ఆగలేదు. విమానంలో కూడా కోటు విప్పలేదు, సీసా కోటులో ఉందని.

*

విమానాశ్రయంలో కారు సిద్ధంగా ఉంది. చీఫ్ కెమిస్ట్ అప్పటికే కబురు పెట్టింది: కొత్త బ్యాచ్ ఈ పూట చల్లారుస్తున్నాం, నేను హాల్ వదిలి రాలేను, సీసా అక్కడికే తీసుకురండి. ఫ్యాక్టరీ గేటు దాటాడు, కారిడార్ దాటాడు. హాల్‌కి ముందు చిన్న గాజు గది ఉంది. దాని అవతలి తలుపు తెరిస్తే హాలే. గాజులోంచి పెద్ద స్టీలు పాత్ర, దాని చుట్టూ మనుషులు, చెయ్యి ఊపుతున్న చీఫ్ కెమిస్ట్ కనపడ్డారు.

తలుపు పిడి వైపు చెయ్యి చాపాడు.

“ముట్టుకోకురా.”

అలవాటైన గొంతే. ఇన్నేళ్లూ ఆ గొంతుని విదిలించుకుని తలుపులు తెరుస్తూనే వచ్చాడు. ఈసారి ఎందుకో వేళ్లు ఆగాయి. చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. అరచేతి గీతల్లో సన్నగా తెలుపు. కోటు మడతల్లో తెలుపు. గడ్డంలో తెలుపు.

జేబులోంచి పెన్ను తీశాడు. డిపార్ట్‌మెంట్ ఇచ్చిన పెన్ను, క్యాప్ తిప్పితే సూక్ష్మదర్శిని. అరచేతి మీద పెట్టి కన్ను ఆనించాడు. పలకలు లేవు. సూదులు. గుట్టలు గుట్టలుగా సూదులు, ఒకదాని మీద ఒకటి, ఎండిపోయిన ముళ్లకంపలా.

అప్పుడు తట్టింది. దొంగసొత్తుని ఎవడూ ఫ్యాన్ వేసి ఎగరేయడు. వాళ్లు పిల్లని కాపీ కొట్టడం లేదు. మాస్టారు చెప్పిన రెండో మొహాన్ని నిద్రలేపారు. దాన్ని గుర్తుపట్టగలిగే ఒక్క మనిషినీ ముందే లిఫ్టులో తీసేశారు. సీసా ఎర. పంపిస్తే కెమిస్టులు దాన్ని సరాసరి తమ బల్ల మీదకే తెచ్చుకుంటారని, పక్కపక్కన పెట్టి చూసుకుంటారని వాళ్లకి తెలుసు. ఆ దయ్యాన్ని మోసుకొచ్చే బండి తనే.

ఇంటర్‌కామ్ నొక్కాడు.

“మేడమ్, మీ పిల్ల పలకలే కదా?”

“పలకలే. తలుపు తీయండి, చల్లారడం మొదలైంది.”

“నా చేతి మీద సూదులున్నాయి.”

గాజు అవతల ఆవిడ మొహంలో నెత్తురు చుక్క లేకుండా పోయింది. మళ్లీ మాట్లాడినప్పుడు గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

“దులుపుకోవద్దు. దగ్గొద్దు. వచ్చిన దారినే వెనక్కి నడవండి. ఆ గదికి నేను సీలు వేయిస్తాను.” ఆగి అడిగింది. “మీ డిపార్ట్‌మెంట్ ఆవిడని కూడా వెనక్కి పంపేయనా?”

“ఏ ఆవిడ?”

“పట్టు గౌను ఆవిడ. ఇందాకే వచ్చింది, కార్డు చూపించింది. మీకోసం వెనక యార్డులో ఉంటానంది.”

మేస్త్రీ నడవలేదు, పరిగెత్తాడు. కారిడార్ దాటి, గేటు పక్క గోడ తిరిగి, ఫోన్‌లో చీఫ్ కెమిస్ట్ లైన్ పట్టుకునే యార్డులోకి వచ్చాడు. అత్తరు హాల్ వెనక గోడకి ఆనుకుని నిలబడి పౌడర్ డబ్బా అద్దంలో మొహం చూసుకుంటోంది. ఆమె భుజం పక్కనే హాల్లోకి గాలి లాగే పెద్ద జాలీ. లోపలి ఫ్యాన్ హోరు బయటికి వినపడుతోంది. ఆమె గౌను అంచు ఆ గాలికి జాలీ వైపే లాగుతోంది.

“కంపెనీ విమానంలో నీకంటే ముందే దిగాను. నువ్వే తలుపు తీస్తావు, నాకు పని ఉండదనుకున్నాను,” అంది. “నీ మీద పందెం కాశాం తెలుసా? మీ అన్న సంగతి విని, నిన్నే పంపమని తాతయ్యకి నూరిపోసింది నేనే. వీడైతే మందు దొరికిందంటే స్నానం కూడా చేయకుండా పరిగెత్తుకొస్తాడన్నాను.”

“నువ్వు మా మనిషివని తాతయ్య ఇప్పటికీ నమ్ముతున్నాడు.”

“పాపం. ఆయనకి పిల్లలు లేరుగా, ఎవర్నో ఒకర్ని నమ్మాలి.”

“ఆ డబ్బా మూసెయ్. దీని మీద బతికేవాళ్లున్నారు.”

“అందరి మీదా ఎవరో ఒకరు బతుకుతూనే ఉంటారు మేస్త్రీ.”

అతను ఫోన్‌లోకి, పెదవులు కదపకుండా చెప్పాడు. ఫ్యాన్లు ఆపండి. ఆపితే ద్రావకం ఆవిరి హాల్లో నిండిపోతుంది, ఒక్క నిప్పురవ్వ చాలు, లోపల మనుషులున్నారంది చీఫ్ కెమిస్ట్. మనుషుల్ని పంపేసి ఆపండన్నాడు. సైరన్ మోగింది. అవతలి వైపు తలుపులు బాదుకుంటూ జనం బయటికి పరిగెత్తిన చప్పుడు వినిపించింది.

సైరన్‌కి అత్తరు నవ్వు ఆరిపోయింది. పౌడర్ డబ్బా జాలీకి ఎదురుగా పెట్టి, గుండెల నిండా గాలి పీల్చుకుని, ఊదింది.

ఆ ఊపిరి డబ్బాని తాకేలోపే లోపలి ఫ్యాన్ హోరు తెగిపోయింది.

లాగే గాలి లేదు. తెల్లటి పొడి జాలీ ముందు మేఘంలా లేచి, ఎటు పోవాలో తెలియనట్టు ఒక్క క్షణం నిలబడి, తిరిగొచ్చి ఆమె మొహం మీదే దిగింది. కనురెప్పలు, పెదవులు, పొడుగాటి మెడ అన్నీ సున్నం కొట్టినట్టు తెల్లబడ్డాయి. కళ్లు మాత్రం నల్లగా మిగిలాయి. అంత అందమైన మనిషి మొహంలో చచ్చినవాళ్ల మొహం ఎలా ఉంటుందో మేస్త్రీకి కనిపించింది. చాలాకాలం వరకు అది అతన్ని వదల్లేదు.

సైరన్ విని ఫ్యాక్టరీ ఫైరింజన్ యార్డులోకి దూసుకొచ్చింది. మంట ఎక్కడని ఫైర్‌మన్ అడిగాడు. మంట లేదు, ముందు ఆ అమ్మగారి మీద కొట్టు, తర్వాత ఆ గోడ మీద, తర్వాత నా మీద, ఎవరు ఆపమన్నా ఆపకు అన్నాడు మేస్త్రీ. ఆ పొడి నీళ్లలో కరగదు. కానీ తడిసిన పొడి ఎగరదు. పైపు విప్పారు. అత్తరు గోడకి అతుక్కుపోయింది. సెంటు వాసన మొత్తం నీళ్లతో పాటే కాలవలోకి కొట్టుకుపోయింది. తడిసిన గౌనుతోనే గార్డులు ఆమెని పట్టుకెళ్లారు.

*

జాలీకి రేకు బిగించి, వడపోతలన్నీ మార్చి, ఫ్యాన్లు మళ్లీ తిప్పేసరికి బ్యాచ్ దానంతటదే చల్లారింది. మర్నాడు పొద్దున చీఫ్ కెమిస్ట్ చిటికెడు తీసి సూక్ష్మదర్శినిలో చూసింది. మాస్టారి కుర్చీలో కూర్చునే చూసింది. ఎంతసేపు చూసిందంటే, పక్కవాళ్లు భయపడి అడిగారు. పలకలే అంది. ఒక్క సూది లేదంది. ఆ తర్వాతే ఏడ్చింది.

మేస్త్రీ గేటు బయట నిలబడి ఉన్నాడు. అతని కోటు జేబులోని సీసాతో సహా, చెప్పులు, సంచి, గడ్డం అన్నీ కాల్చేశారు. నెత్తి గొరిగేశారు. ఆసుపత్రి బట్టలు తొడిగారు. అయినా గేటు లోపలికి రానివ్వలేదు. ఈరోజు కాదు, రేపు కాదు, ఇక ఎప్పటికీ కాదు. చెవి మడతలోనో గోటి కిందో ఒక్క రవ్వ మిగిలినా చాలు. అతను తాకిన కారుని కూడా ఫ్యాక్టరీ దరిదాపుల్లోకి రానివ్వకూడదని రాసిపెట్టారు. చీఫ్ కెమిస్ట్ గేటు దాకా వచ్చి, దూరంగా, గాలి వాటం చూసుకుని నిలబడింది.

“క్షమించండి,” అంది. “లోపలికి పిలిచి టీ ఇవ్వాల్సింది.”

“పర్లేదు మేడమ్. మా అన్నయ్యని ముట్టుకుంటే అంటుతుందని ఊరంతా దూరం పెట్టింది. ఉత్త అబద్ధం. ఈసారి కనీసం నిజమైన కారణానికి దూరం పెడుతున్నారు.”

ఆవిడ తల వంచుకుంది. అతను తన వెనక వసారా చల్లదనం తగిలినట్టు ఒకసారి వెనక్కి తిరిగి చూశాడు. ఎవరూ లేరు. ఖాళీ రోడ్డు, దాని మీద తడి. అన్నయ్య ఆ తలుపు దగ్గర చివరిసారి మాట్లాడాడని, ఇక మాట్లాడడని ఎందుకో అనిపించింది. ఊరట కలగాల్సింది. కలగలేదు. ఉన్న ఒక్క తోడూ దిగిపోయినట్టయింది.

తాతయ్య ఫోన్ చేశాడు. అత్తరు సంగతి ఆయనకి అప్పటికే తెలిసింది. భోంచేశావా అని మాత్రం అడిగి పెట్టేశాడు.

వదిన తలుపు తీసి, గుండునీ ఆసుపత్రి పైజామానీ కింద నుంచి పైదాకా చూసింది. లోపలికి రానా వద్దా అని గుమ్మంలో తచ్చాడుతుంటే రెక్క పట్టుకుని లాక్కెళ్లి, తన కంచంలోనే అన్నం కలిపి ముద్ద చేతిలో పెట్టింది. పొద్దున ఆసుపత్రి నుంచి ఫోన్ వచ్చిందట, కొత్త మాత్రలు వస్తున్నాయి, భయపడొద్దన్నారట. ఫ్యాక్టరీని ఎవరో మహానుభావుడు కాపాడాడని నర్సు చెప్పిందట. ఆవిడ అతని గుండు మీద చెయ్యి వేసి నిమిరింది.

“నువ్వే కదూ? దాచకు. ఇంత చేసినవాడికి అక్కడ సన్మానమైనా చేశారా?”

“చేశారు వదినా,” అన్నాడు మేస్త్రీ ముద్ద మింగి. “ఫైరింజన్ పైపుతో.”